నాన్న తుపాకి మీద నీ పేరు

మోంటానాలో ఒక చిన్న ఊరు. దుప్పుల వేటకి ఇంకా వారం ఉంది. ఆటల కప్పుల మీదా, కుక్కల మెడబిళ్ళల మీదా పేర్లు చెక్కే ఆర్లిస్ దుకాణానికి ఆమె తమ్ముడు గ్యారెట్ ఒక తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అయితే పేర్లు చెక్కేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదన్నమాట."

"లేరక్కా. నగల కొట్టువాడి మిషను పైపైన గీస్తుందంతే, లోతు చాలదట. సమాధిరాళ్ళు చెక్కే ఆయన ఇనుము ముట్టుకోనన్నాడు."

"అప్పుడు అక్క గుర్తొచ్చింది."

"తుపాకుల పని చెయ్యడానికి నీకు లైసెన్సుంది. కాసేపటి పని. నా పేరు, ఊరు, రాష్ట్రం. చట్టం అడిగేది అంతేగా?"

"చట్టం నాకు చెప్పకు. గొట్టం పొట్టిగా కోసుకునేవాడు ముందు తన పేరు చెక్కించుకోవాలి. నాకది రోజూ ఉండే పనే. కానీ నువ్వు కోస్తానంటున్నది నాన్న తుపాకి."

"సైలెన్సర్ తగిలిస్తే మరీ పొడుగైపోతోందక్కా. అడవిలో ప్రతి కొమ్మకీ తగులుతోంది."

"నాన్నకి తగల్లేదు. నాకూ తగల్లేదు."

"నీకేం, పిట్టంత మనిషివి. చెట్ల కిందనించి దూరిపోతావు."

"వెటకారాలొద్దు. పోయేముందు నాన్న ఏమన్నాడు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఏమన్నాడు?"

"ఒక ఏడు నువ్వు, ఒక ఏడు నేను."

"ఈ ఏడు ఎవరిది?"

"ఎవరిదైతేనేం. నువ్వడిగితే ఇవ్వనా?"

"ఎట్లా ఇస్తావు? గొట్టం కోసిన తుపాకికి ఎవరి పేరున సర్కారు అనుమతి వచ్చిందో, అది వాళ్ళ దగ్గరే ఉండాలి. నువ్వు పక్కన లేకుండా నేను దాన్ని భుజానేసుకుని కొండెక్కితే నన్ను జైల్లో వేస్తారు. తెలీదా నీకు?"

"అదీ... అంటే..."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ఇద్దరం కలిసి ట్రస్టు పెట్టుకుని దాని పేరున అనుమతి అడగొచ్చు, అప్పుడు ఇద్దరిలో ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. అన్నదమ్ములు, మొగుడూపెళ్ళాలు, ఎంతమందికి అట్లా చెక్కిచ్చానో ఈ బల్ల మీద. అదీ తెలుసా?"

"కెండ్రా ఏమందంటే... మాకు పిల్లలున్నారు, నీకెవరూ లేరు. ఎప్పటికైనా మావాళ్ళకి రావాల్సిందే కదా అని."

"మీ ఆవిడ అంది. నువ్వేమన్నావు?"

"నేనేమంటాను?"

"ఏమీ అనవు. అప్లికేషను మాత్రం గుట్టుగా పెట్టుకున్నావు. అనుమతి చేతికొచ్చాక, చెక్కేవాడు దొరక్క నా గుమ్మం ఎక్కావు. నన్ను ఈ తుపాకికి దూరం చేసే పేరు నా చేత్తోనే చెక్కాలి."

"నువ్వు ప్రతిదీ అట్లాగే తీసుకుంటావు. చెక్కనంటే చెప్పు, బిల్లింగ్స్ పట్నానికి తీసుకుపోతాను."

"ఇటివ్వు."

"చెక్కుతావా?"

"ఇటివ్వమన్నాను. గొట్టం ఇంకా కొయ్యలేదే."

"ముందు చెక్కించి ఆ తర్వాత కోద్దామని. అన్నీ పద్ధతి ప్రకారమే చేస్తున్నాను... అటెక్కడికి? మిషను ఇటుందిగా. ఆ ఇనప్పెట్టె ఎందుకు తెరిచావు? అక్కా. అక్కా, తాళం ఎందుకేశావు?"

"కొయ్యనంతవరకూ అది నాన్న తుపాకి. ఈ ఏడు నాది. వెళ్తూ ఆ తలుపు దగ్గరికి వేసి వెళ్ళు."