అండ్ కో అంటే నేనే

ఇదేం చరిత్ర మహతమ్మా? కొట్టు పెట్టి యాభై ఏళ్లయిందని ఇంటర్నెట్లో పెడతానంటివి. చదివితే మీ తాతగారున్నారు, నందిగామ చంద్రమౌళి గారున్నారు, ఆఖరికి కొట్లో పిల్లి కూడా ఉంది. నేనేనా లేంది?

బోర్డు మీద ఏముండేది? ‘అనంతరామయ్య, చంద్రమౌళి అండ్ కో, పుస్తక విక్రేతలు, ప్రచురణకర్తలు.’ ఆ కో ఎవరనుకున్నావు మరి? పెయింటరు చోటు మిగిలి రాశాడా? నేనమ్మా! మీ తాతగారే అన్నారు, ‘ఆరోగ్యమ్మా, మా ఇద్దరి తర్వాత నువ్వే మా కో’ అని. నవ్వుతూ అన్నారనుకో, అయినా అన్నారు.

వాళ్లు జగ్గయ్యపేటలో వేసిన ప్రతి పుస్తకానికీ ఫారాలు, అదే అచ్చు కాగితాలు, మడిచిందెవరు? కుట్టిందెవరు? మైదా జిగురు కాచి కాచి మా ఇంట్లో అన్నం కూడా అదే వాసన. వాళ్లేమో టీలు తాగుతూ ముందుమాటలు రాసుకునేవాళ్లు.

ఆ, ఇక్కడేంటి? ‘ఆశయ భేదాల వల్ల మిత్రులు విడిపోయారు.’ ఓరి దేవుడో! ఆశయాలా? పచ్చడమ్మా, పచ్చడి!

చెప్తా విను. ఆ ఏడు రెండు పుస్తకాలు ఒకేసారి అచ్చయ్యాయి. మీ తాతగారి పదో తరగతి సైన్సు గైడు, చంద్రమౌళి గారి భార్య పుష్పవతమ్మ గారి పచ్చళ్ల పుస్తకం. అమ్మకానికి పెట్టాక చూస్తే, గైడులో ‘ఆమ్లమును క్షారముతో కలిపిన’ దాకా ఉండి, పక్క పేజీలో ‘రెండు గరిటెల ఆవపిండి వేసి మూడు రోజులు ఊరనివ్వవలెను.’ నందిగామలో ఓ పిల్ల పరీక్షలో అట్లాగే రాసొచ్చింది. ఇటు పుష్పవతమ్మ గారి చింతకాయ తొక్కేమో ‘నీలి లిట్మసును ఎర్రగా మార్చును.’ నవ్వకు!

‘నా గైడుకి పోపు పెట్టాడు’ అని మీ తాతగారు. ‘మా ఆవిడ పచ్చడిని యాసిడ్ అంటాడా’ అని ఆయన. ఎదుటివాడే కావాలని చేశాడని ఇద్దరూ అనుకున్నారు. చంద్రమౌళి గారెళ్లి నందిగామలో వేరే కొట్టు పెట్టారు. ఓసారి విజయవాడ బస్సులో పక్కపక్కనే సీట్లు పడ్డాయి. పరిటాలలో రోడ్డు పక్క అంత పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం వచ్చినా మీ తాతగారు దణ్ణం పెట్టలా, అటు తిరిగితే చంద్రమౌళి గారి మొహం కనపడుద్దని! పోయేదాకా మాటల్లేవు.

ఆ పేజీలు ఎవరు కలిపారంటావా?

అప్పట్లో నాకు అంకెలే వచ్చమ్మా, అక్షరాలు రావు. ముప్పై రెండో పేజీ తర్వాత ముప్పై మూడే కుట్టా, అది ఏ పుస్తకానిదో నాకేం తెలుసు? తప్పా? నన్నెవరూ అడగనే లేదు. నేనూ ఓ మనిషినని తడితేగా!

రెండేళ్ల తర్వాత మీ తాతగారే కూర్చోబెట్టి అక్షరాలు నేర్పారు. సరదాగా ఆ గైడు తీసి చదివా. అప్పుడు తెలిసింది, కలిపి కుట్టింది నేనేనని. పని పోతుందని చెప్పలా. ఆయన పోయినప్పుడు శవం దగ్గర నిలబడి కూడా చెప్పలా.

ఏంటీ? నా పేరు వేస్తే ఇది కూడా వెయ్యాలా?

వెయ్యి తల్లీ. వాళ్లిద్దర్నీ కలిపిందెవరో నాకు తెలీదు గానీ, విడగొట్టింది మాత్రం ఈ ఆరోగ్యమ్మే.