మునిగిన చేను ఎవరిది

వరి మునిగిన నాలుగో రోజు. పామర్రు నుంచి బస్సులో వచ్చిన కౌలురైతు శౌరయ్య, పటమటలో తన ఆసామి వెంకటకృష్ణారావు ఫ్లాటు గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆ, అక్కడే ఆగు. బురద కాళ్ళతో లోపలికి రాకు. ఏంటి, మళ్ళీ ఏడుపేనా?"

"ఏడుపు కాదండీ, సంతకం. రేపు నష్టం రాసుకోడానికి ఆఫీసరుగారొస్తున్నారు. కౌలుకి చేసేది నేనేనని మీరో సంతకం పెడితే పరిహారం నాకొస్తదండి."

"నీకా? పొలం ఎవరిదయ్యా?"

"పొలం మీదేనండి. మునిగింది నా వరి."

"అబ్బో! నీ వరి! నా నేల లేకపోతే ఎక్కడ మొలిచేది, నీ నెత్తి మీదా?"

"విత్తనాలు నావి, ఎరువులు నావి, రెక్కలు నావి. మా ఆవిడ అమలమ్మ గాజులు కూడా తాకట్టులోనే..."

"ఆపు. రెక్కలంట! రెక్కలు కాకులకీ ఉన్నాయి. లోకం తెలుసుకో శౌరయ్యా. ప్రపంచమంతా ఇంతే. యూట్యూబులో చూశాలే. అమెరికా, చైనా, ఎక్కడైనా సరే ఆస్తి ఉన్నవాడి వాటా పెరుగుతోంది, పని చేసేవాడి వాటా తగ్గుతోంది. నీ ఒక్కడి కోసం రూలు మార్చమంటావా?"

"అక్కడ కూడా చేను మునిగితే కౌలు కట్టమంటారాండీ?"

"వెటకారమా? ఎకరానికి ఇరవై బస్తాలు. మాటంటే మాటే. వాన నేను కురిపించలేదు."

"నేనూ కురిపించలేదుగా..."

"కౌలు నాకు, పరిహారమూ నాకే. నా షేర్లు చూడు, నేను నిద్రపోతున్నా సంపాదిస్తాయి. పొలమూ అంతే. చేసేవాడు ఎవడైతేనేం, సంపాదించేది పొలం! నువ్వు కాకపోతే మీ ఊళ్ళో ఇశ్రాయేలు చేస్తాడు."

"అయితే పెట్టరు."

"పెట్టను."

"సరేనండి. బస్సుంది, వస్తా."

"ఆగాగు. అదీ... రేపు ఫొటో ఏదో తీస్తారంటగా?"

"తీస్తారండి. రైతు చేలో నిలబడి నాలుగు గట్లూ చూపించాలి."

"గట్లు కనపడతాయా?"

"ఎక్కడండీ! మీదీ, పక్కోళ్ళదీ కలిపి పాతికెకరాలూ ఒకటే నీళ్ళు."

"నేను... ఆ రిజిస్ట్రేషనప్పుడు కార్లోంచి చూడటమే. నువ్వు పొద్దున్నే వచ్చి, మన చేను ఏదో కొంచెం..."

"పేరు పెట్టి పిలవండి రావుగారూ. మీదేగా, పలుకుద్ది."