అంగుళం బిగుతు

నాలుగు గంటల టీకి టైలరు మాస్టారు వస్తున్నాడంటే బెంచీ మీద జనం వాళ్ళంతట వాళ్ళే సర్దుకుని చోటిస్తారు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, నోట్లో అబద్ధం. ఈ మూడూ లేకుండా అతన్ని ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

ఎదురు బెంచీ మీద ఇస్త్రీ పెద్దాయన కూర్చున్నాడు. చేతిలో గ్లాసుంది గాని టీ తాగడం లేదు. ఆ పొద్దున్న మాస్టారి కూతురు బట్టలివ్వడానికి వచ్చి, కళ్ళు తిరిగి అతని బల్ల పక్కన కూలబడింది. రొట్టె తెచ్చి పెడితే ముట్టుకోలేదు. "వద్దు తాతా, ఇవాళ నడుం కొలుచుకోవాలి" అంది. ఇరవై ఏళ్ళ పిల్ల. లేవదీస్తే చిలక్కొయ్య మీది చొక్కా తీసినట్టుంది. ఆ సంగతి తండ్రి చెవిన వేద్దామనే పెద్దాయన వచ్చాడు. కాని మాస్టారు నోరు తెరిస్తే మధ్యలో దూరడానికి సందెక్కడ?

"నా చేతి మహిమ మీకు తెలీదర్రా," అంటున్నాడు మాస్టారు. "బ్యాంకు మేనేజరుగారి భార్యకి డ్రెస్సు కుట్టాను. అంగుళం బిగుతు. పొరపాటున కాదు, కావాలనే! ఆవిడ వేసుకుని, పట్టడం లేదు మాస్టారూ అంది. నేను తాపీగా కళ్ళజోడు తుడుచుకుని, డ్రెస్సు సరిగ్గానే ఉందమ్మా, తమరే కాస్త ఒళ్ళు చేశారు అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కత్తెర పుచ్చుకుని నీ వెంట పడిందా?" అంది టీకొట్టు అక్క.

"సిగ్గుపడింది అక్కా, సిగ్గుపడింది!"

బట్ట పట్టకపోతే కుట్టినవాణ్ణి నిలదీయాలి. కాని వేసుకున్నవాళ్ళు తమ ఒంటినే తిట్టుకునే రోజులివి. సన్నగా ఉండడమే మంచితనమని నేర్పిపెట్టాం. ఆ సంగతి మాస్టారికి బాగా తెలుసు.

"రాత్రి భోజనం మానేసింది. పది రోజుల్లో డ్రెస్సు పట్టింది, ఇరవై రోజుల్లో వదులైంది. ఇక చూడండి, వీధి వీధంతా నా కొట్టు ముందే! అందరికీ అంగుళం బిగుతు. మొదట్లో వేసుకుంటే తగ్గేవాళ్ళు, తర్వాత తర్వాత వేసుకోనక్కర్లేకుండా పోయింది, గోడకి తగిలించుకుని చూస్తే చాలు, చూస్తూ చూస్తూనే కరిగిపోయేవాళ్ళు. ఒకావిణ్ణి ఆసుపత్రిలో బరువు చూసే మిషను ఎక్కిస్తే ముల్లు సున్నా దాటి వెనక్కి పోయింది. డాక్టరు మిషను పాడైందనుకుని, పాపం, కొత్తది తెప్పించాడు. అదీ వెనక్కే!"

"అయితే నాకో చొక్కా కుట్టండి మాస్టారూ," అన్నాడు బస్సు డ్రైవరు పొట్ట నిమురుకుంటూ. "మలుపొస్తే స్టీరింగు నేను తిప్పడం లేదు, ఇదే తిప్పేస్తోంది."

"నీకు కుడితే మర్నాడు బస్సుంటుంది, డ్రైవరుండడు. నవ్వకండ్రా! ఒకావిడ నా డ్రెస్సు వేసుకుని అద్దం ముందు నిలబడి అలా పక్కకి తిరిగింది. అంతే, మాయం! మొగుడు మంచాల కింద వెతికాడు, నూతిలో చూశాడు, పోలీసుల దగ్గరికి పోయాడు. చివరికి నన్ను పిలిచారు. నేను గది మధ్యలో నిలబడి, అమ్మా, ఇటు తిరుగు అన్నాను. కనిపించింది!"

టీ పొలమారి డ్రైవరు దగ్గాడు. దగ్గు ఆగాక, "మీ అమ్మాయి కూడా భలే నాజూగ్గా తయారైంది. మా ఆవిడ మా పెద్దదానికి రోజూ ఆ పిల్లనే చూపిస్తోంది. అదీ మీ చేతి మహిమేనా?" అన్నాడు.

మాస్టారు ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు.

"మరేమనుకున్నావ్? పుట్టినరోజుకి దానికీ అంగుళం బిగుతే కుట్టాను. ఇప్పుడు మీటరు గుడ్డలో దానికి రెండు డ్రెస్సులూ నాకో జేబురుమాలూ వస్తున్నాయి. వానొస్తే చినుక్కీ చినుక్కీ మధ్యలోంచి నడిచి పొడిపొడిగా ఇంటికొస్తుంది. ఈదురుగాలి రోజున కాలికి దారం కట్టి..."

బెంచీలు రెండూ కదిలిపోయేలా నవ్వారు. పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"ఆ డ్రెస్సు నా దగ్గరికి ఇస్త్రీకొచ్చింది అబ్బాయ్. తిరగేసి చూశాను. కావాలని బిగుతు పెట్టేవాడు, రేపు విప్పి వదులు చెయ్యడానికి లోపల గుడ్డ వదిలిపెడతాడు. అందులో నూలుపోగంత కూడా లేదు. నీకు కత్తెర జారింది. మేనేజరు భార్యకీ అంతే, ఆవిడదీ నేనే ఇస్త్రీ చేశాను. జారిందని ఒప్పుకోలేక, కన్నకూతుర్ని పట్టుకుని ఒళ్ళు చేశావన్నావు."

టీకొట్టు అక్క పొయ్యి మంట తగ్గించింది.

"ఆ డ్రెస్సే ఇప్పుడు రెండు పక్కలా పిన్నీసులు పెట్టుకుని వేసుకుంటోంది. పొద్దున నా బల్ల దగ్గర పడిపోయింది. రొట్టెముక్క పెడితే, పామును చూసినట్టు చూసింది. నీ మాటలకి వీళ్ళంతా నవ్వుతారు, నవ్వనీ. ముందు ఇంటికి పో. కత్తెర జారిందమ్మా, నువ్వు లావెక్కలేదు అని ఒక్క ముక్క చెప్పు. తండ్రివి కాదూ? నామోషీ ఏముంది?"

మాస్టారు మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టాడు.

"చెప్పాను బాబాయ్," అన్నాడు. ఆ గొంతు అక్కడెవరూ అంతకు ముందు వినలేదు. "నెల కిందటే చెప్పాను. వాళ్ళమ్మ ఎదురుగా ఒట్టేసి మరీ చెప్పాను."

"ఏమంది?"

"నవ్వింది. నీ కథలు నాకు తెలీవా నాన్నా అంది. కంచం పక్కకి జరిపేసి లేచిపోయింది."