దగ్గు లేని క్వారీ

చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీ. రాతిదుమ్ముకు ఎందరి ఊపిరితిత్తులు చెడ్డాయో లెక్క తేల్చడానికొచ్చిన డాక్టరు, రేకుల షెడ్డు కింద మేస్త్రీతో మాట్లాడుతున్నాడు.

“మా క్వారీలో దగ్గేవాడే లేడు డాక్టరుగారూ. అందరూ ఉక్కుముక్కల్లాంటోళ్ళు.”

“పోయినేడు నేనొచ్చినప్పుడు డ్రిల్లింగ్ దగ్గర ఒడిశా కుర్రాళ్ళు ఒకటే దగ్గుతున్నారు. వాళ్ళేరీ?”

“ఊరెళ్ళిపోయారండి.”

“అందరూనా?”

“దగ్గు పట్టిందంటే చాలు, నేనే దగ్గరుండి ఒంగోల్లో రైలెక్కించేస్తా. ఇక్కడ పోతే శవాన్ని ఎవడు మోస్తాడండీ? ఆ చావేదో వాళ్ళ ఊళ్ళోనే చస్తారు.”

“మరి వాళ్ళని ఎవరు లెక్కలో రాయాలి?”

“ఆ ఊరి డాక్టర్లు రాసుకుంటారు.”

“అక్కడ క్వారీలు లేవుగా. టీబీ అని రాసేస్తారు.”

“ఏదో ఒకటి రాశారుగా! మీరు సున్నా వేసుకోండి. దుమ్ము లేవకుండా నీళ్ళు కొడుతున్నాం, మొహాలకి గుడ్డలు కట్టిస్తున్నాం అని కూడా...”

మేస్త్రీ మాట దగ్గుతో తెగిపోయింది. ఆ దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు.

“ఇదేంటి మేస్త్రీ?”

“పొలమారిందండి, అంతే. ఎవరో తలుచుకుంటున్నారు.”

“ఏమీ తినలేదు, తాగలేదు. పొలమారడమేంటి?”

“మీకు దణ్ణం పెడతా, ఓనరుగారి చెవిన వేయకండి. నాది ఈ ఊరేనండి. నన్ను రైలెక్కించినా దిగడానికి వేరే ఊరు లేదు.”

“చెప్పన్లే. ఇంతకీ నిన్ను తలుచుకోడానికి, నువ్వు రైలెక్కించినోళ్ళలో ఎవరు మిగిలున్నారంటావు?”