ఇయర్‌బడ్స్‌కి పెట్టిన పేరు

మంచినీళ్ల కూలరు దగ్గర ఇద్దరు ఉద్యోగినులు నిండిన గ్లాసులు పట్టుకుని, తాగకుండా గుసగుసలాడుతున్నారు.

“అక్కా, మేనేజరుగారికి దొరికినవి నా ఇయర్‌బడ్సే. నిన్న మీటింగు గదిలో మర్చిపోయాను.”

“వెళ్లి తెచ్చుకోవే. ఎవరివని పొద్దున్నుంచీ అందర్నీ అడుగుతున్నారుగా!”

“ఎలా తెచ్చుకోను? ఫోన్‌కి కలిపితే వాటి పేరు కనిపిస్తుంది. ఆయన కలిపే ఉంటారు.”

“ఏం పేరు పెట్టావేంటి?”

“‘మేనేజరు సోది’.”

“ఓసి నీ దుంప తెగ! ఇంకే పేరూ దొరకలేదా?”

“ఆయన ఉపన్యాసం మొదలెట్టగానే జుట్టు కింద పెట్టుకుని పాటలు వింటానక్కా. ఆ సంబరంలో పెట్టేశాను.”

“అయితే వాటి మీద ఆశ వదిలేసుకో.”

“నా పుట్టినరోజుకి మా ఆయన కొనిచ్చారు. ఏవీ అంటే ఏం చెప్పను?”

“ఇప్పుడు మేనేజరెక్కడ?”

“అదిగో, అద్దాల గదిలో పెద్దసారు మీటింగులో ఉన్నారు. గంట నుంచీ తెగ తలూపుతున్నారు.”

“అసలు అవి నీవేనా? ఆ గది పక్కనేగా, నీ ఫోన్‌లో వెతికి చూడు.”

“ఉండు... అక్కా, పేరు మారిపోయింది!”

“ఏమని?”

“‘పెద్దసారు సోది’.”