జింకకి చాలని తూటా

అమెరికాలో ఎల్లెన్స్‌బర్గ్ ఊరు దాటాక, అడవి మొదట్లో ట్రక్ ఆపి, జూడ్ తన రైఫిల్‌తో పాటు తెచ్చిన తూటాల డబ్బా తెరిచారు షాలేం రాజు.

“ఇదేంటి జూడ్?”

“తూటాలంకుల్.”

“తూటాలని కనిపిస్తూనే ఉంది. జింక వేటకి టూ ట్వెంటీ త్రీ తెచ్చావేంటయ్యా? బులెట్ పెన్సిల్ మందం కూడా లేదు!”

“చిన్నదే కానీ చాలా స్పీడంకుల్. స్పీడ్ ఎక్కువుంటే పవర్ కూడా ఎక్కువే కదా అని...”

“ఎవరు చెప్పారు?”

“షాపులో... అంటే... షాపతనేదో అన్నాడు.”

“ఏ షాపు?”

“అదే అంకుల్, హైవే పక్కన... ఒక షాపు.”

“సాఫ్ట్‌వేర్ వాడివి, ఇయర్‌ఫోన్స్ కొనాలన్నా పది రివ్యూలు చదువుతావంట, మా అమ్మాయి అబిగేల్ చెప్పింది. ఇది తేలికపాటి బులెట్టయ్యా. జింక భుజం ఎముకకి తగిలితే పైనే చిట్లిపోద్ది, లోపలికి దిగదు. పాపం, అది గాయంతో పరిగెత్తి ఎక్కడో పడి చస్తుంది. అందుకే ఈ స్టేట్‌లో జింకకి ఇది వాడనివ్వరు.”

“అలాగా! అయితే నేను కాల్చకూడదన్నమాట. ఛ, ఎంత ఆశపడి వచ్చాను!”

“బాధపడకు. వెనక పెద్ద రైఫిల్ ఇంకోటుంది, ఇస్తాలే.”

“వద్దు వద్దంకుల్! మీ రైఫిల్ నాకెందుకు... నేను మీ పక్కన కూర్చుంటాను. కాఫీ పోస్తాను.”

“సరే, ఇవి చెత్తలో పడేద్దాం. దేనికీ పనికిరావు.”

“అదేంటంకుల్! గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయే కయోటీ నక్కలకి ఇంతకంటే మంచివి లేవు. రెండొందల గజాల దాకా గీత గీసినట్టు పోతుంది, మన భుజానికి దెబ్బే తెలీదు. పొలాలు తవ్వేసే నేల ఉడతలకీ ఇదే. టార్గెట్ మీద గురి నేర్చుకోడానికైతే...”

“ఓహో.”

“కాఫీ పోయమంటారా అంకుల్?”

“ఆగిపోయావేం? జింకకి పనికిరాదన్న ఒక్క ముక్క తప్ప అన్నీ తెలుసన్నమాట.”

“అదీ తెలుసంకుల్.”

“తెలిసే తెచ్చావా?”

“తెలిసే తెచ్చాను. జింకని నేను చంపలేనంకుల్.”

“నిన్న మా ఇంట్లో మటన్ రెండుసార్లు వడ్డించుకున్నావ్!”

“మటన్ నా వైపు చూడదు కదంకుల్.”

“మరి రానని చెప్పొచ్చుగా?”

“మీరు పిలిస్తే రానని ఎలా అంటాను? అదీ మా పెళ్ళి గురించి మీ మాట ఈ రోజు చెప్తానన్నాక. అందుకే రూలే అడ్డొచ్చే తూటా ఏదా అని వెతికి ఇది కొన్నాను.”

“అంటే, నన్ను మోసం చేద్దామని.”

“మోసం కాదంకుల్... మర్యాద.”

“నవ్వించకు. నేను కోపంగా ఉన్నాను.”

“సారీ అంకుల్. మరి... ఇంటికి వెళ్ళిపోదామా? అబిగేల్‌కి నేనే చెప్పుకుంటాను.”

“ఏం చెప్తావ్? కూర్చో. లూసీ ఆంటీని నాకిచ్చేముందు వాళ్ళ నాన్నగారు నన్నూ ఇక్కడికే వేటకి తీసుకొచ్చారు. నేనూ తెలిసే ఇదే తూటా తెచ్చాను. ఆయన ఇప్పటికీ చర్చిలో అందరికీ చెప్తుంటారు, మా అల్లుడు బంగారం కానీ తూటాల విషయంలో ఓనమాలు కూడా రావని.”