తలుపు తీసినా ఆరని లైటు

(మడకశిరలో ఒక స్టీలు పాత్రల అంగడి. వెనక గదిలో, తలుపున్న ఇనప పెట్టెలో, పాత్రల మీద పేర్లు చెక్కే లేజర్ మిషన్. పొద్దున తొమ్మిది గంటలు. మిషన్ నడిపే హేమలత, ఎలక్ట్రీషియన్ వీరేష్.)

"లైటా? ఈ పెట్టె లోపలనా? దీంట్లో ఏమన్నా కాపురం పెడతావా హేమక్కా?"

"పెడతా గానీ, ముందు నువ్వు తల లోపల పెట్టి సూడు వీరేశా. ఏమన్నా కనపడతాండాదా?"

"కనపడక ఏమి? బిందె ఉండాది. బిందె మెడ ఉండాది. ఇంగేం కావల్ల?"

"నీకు కనపడతాది లే. నాకు మసక. ఎల్ఈడీ పట్టీ తెచ్చినావా లేదా, అది చెప్పు."

"తెచ్చినా, తెచ్చినా. రెండు మీటర్లు. ఎనకాల జిగురుంటాది, అంటిస్తే అయిపాయ. మీ ఆడోళ్లకందరికీ ఈ లైట్ల పిచ్చి యాడ పట్టిందో ఏమో! మా ఇంటిది సరళ గూడా అంతే. పోయిన వారం వంటింట్లో బల్బు మారిస్తి. చాలలేదంట. మొన్న ఇంకా పెద్దది ఏస్తి. అదీ చాలదంట. తల తింటాంది."

"ఇంగా రాలేదే సరళ?"

"సంగటి కెలికి పెట్టి వస్తానన్నది. నువ్వు లేకుంటే దానికి పొద్దు పోదక్కా. ఇంట్లో గూడా ఇదే కత. హేమక్క పేరు కొట్టింది, నేను బిందె పట్టుకున్యా, హేమక్క ఇట్లన్నది, అట్లన్నది."

"మంచి పిల్ల. పట్టుకుంటే బిందెను రవ్వంత గూడా కదలనియ్యదు. మొఖం ఆడనే పెట్టి సూస్తా కూచుంటాది. నేనే అంటాంటా, కొంచెం ఎడంగా జరగమే, నిప్పురవ్వలు మీద పడతాయని."

"వింటాదా? దానికి రోజూ దీపావళి. ఆ రవ్వలు సూసేకే పనికొస్తాండాది అది."

"సరే, బిరీన కానీ అప్పా. అంగడి సావుకారు పదకొండుకు వస్తాడు. ఆలోపల అయిపోవల్ల."

"అదేంది? నాగేశ్వరయ్య సావుకారే పిలిపించినాడనుకుంటినే?"

"లేదు. నేనే పిలిపిస్తి. ఆయప్పకు చెప్పొద్దు."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరన్నా..."

"ఊరికే అంటే ఊరికే. నీ పని నువ్వు చెయ్యప్పా!"

"కోపమెందుకు? చేస్తాండా గదా. ఆ స్క్రూడ్రైవర్ ఇట్లియ్యి. అది గాదు, ఎర్ర పిడిది. అదో, నీ ముందరే. ముందరేనక్కా! నీ చెయ్యి పక్కనే."

"ఆ. ఇదో. నీ సామాన్లన్నీ చిందరవందర."

"హేమక్కా, ఏమైంది నిజం చెప్పు. సావుకారు ఏమన్నా అన్న్యాడా?"

"అనింటే బాగుండు. మొన్న లేపాక్షి పెండ్లి సామాను వచ్చె సూడు, ఇరవై బిందెలు. మూడింటి మీద పేరు వంకర పాయ. ఒకదాని మీద పేరు మీదనే మల్లొక పేరు కొడితి. పెండ్లోళ్లు అంగట్లో నిలబడి నానా మాటలనిరి. సావుకారు నన్ను ఒక్క మాట అనలేదు. గమ్మున హిందూపురానికి ఫోన్ చేసినాడు. ఆడ ఎవరో పిల్ల ఉండాదంట, ఈ మిషన్ పని తెలిసింది."

"అందుకా ఈ లైటు!"

"వెలుతురుంటే నా చెయ్యి ఎందుకు తప్పు పోతాది? చేతి మిషన్ పట్టుకోని గరగరా కొట్టే కాలం నుంచి ఈ పని చేస్తాండా. ఎనిమిదేండ్లు. చేను సూస్తే రెండేండ్లాయ, ఏసిన విత్తనం గూడా వెనక్కియ్యలే. మీ బావకు నడుము లేవదు. ఈ కుర్చీ గూడా పోతే యాడికి పోవల్ల నేను?"

"పోదు లే అక్కా. నేనుండా గదా. చిటికెలో పెట్టెంతా పట్టపగలు చేసిస్తా."

"కరెంటు యాడ నుంచి తీసుకుంటాండావు?"

"ఈ తలుపు స్విచ్చి లైను దగ్గరుండాది, దీంట్లో నుంచే. తలుపు మూస్తేనే లేజరుకు కరెంటు అందేది. మన లైటూ అంతే. తలుపు తీస్తే రెండూ ఆరిపోతాయి. ఆ... బిందె తీసి తలుపు మూసి ఏస్తాండా, తలుపు అద్దంలో నుంచి సూడు. వచ్చె! పండగే పో!"

"వచ్చిందా?"

"వచ్చిందా ఏంది? కండ్లు జిగేల్మంటాండాయి!"

"ఆ, ఆ. బాగుండాది. అంచులు బాగుండాయి. నడుమ రవ్వంత చీకటి."

"నడుమ చీకటి యాడిది? నాలుగు పక్కలా ఏస్తి గదా."

"నడుమనప్పా. బిందె ఉండే తావున."

"సరే, ఆర్పి మిగిలిన ముక్క పైన అంటిస్తా. ఇంగ నెత్తి మీద గూడా లైటే. మల్ల మూసి ఏస్తి. ఇప్పుడు?"

"ఎడమ పక్క బాగుండాది."

"నడుమ?"

"నడుమ గూడా... బాగనే ఉండాది లే."

"బాగనే అంటే?"

"బాగుండాదంటే బాగుండాది. అయిపాయ గదా, ఇంగ సర్దుకో."

"ఉండు, తలుపు తీసి ఒకసారి సూసి పోతా. ఆరతాది... అరే."

"ఏమి?"

"ఆరలేదే! తలుపు బార్లా తీసినా లైటు వెలుగుతానే ఉండాది."

"దానికేమి? మంచిదే గదా. నేను తలుపు తీసి పెట్టే గదా చేసేది."

"తీసి పెట్టి... ఏం చేసేది?"

"పేర్లు కొట్టేది. ఇంత బిందె పెడితే తలుపు యాడ మూసుకుంటాది? నువ్వే గదా అప్పా, ఉగాది ముందర, తలుపు తీసినా మిషన్ నడిచేట్ల ఆ స్విచ్చికి అయస్కాంతం ముక్క అంటించి పోయింది."

"అది... అది ఆ పెద్ద గంగాళం ఒక్కదానికి గదా! ఒక్క పొద్దుకు! అయిపోయినాక పీకేయమని సావుకారుకు చెప్పి పోతినే!"

"నాకెవరూ చెప్పలే. సావుకారు గూడా ఏమీ అనలే. బిందెలు తొందరగా అయితాండాయి, ఇట్లే ఉండనీ అన్న్యాడు."

"ఉగాది నుంచి... ఎనిమిది నెలలు. అయ్యో రామా."

"ఏమప్పా, అట్లంటావు?"

"ఆ పచ్చద్దాలు? మిషన్‌తో పాటే వచ్చినాయి సూడు, అవి?"

"మేకుకు తగిలిచ్చిండా. పెట్టుకుంటే లోపల ఏమీ కనపడదు, గుహలో కూచున్నట్ల ఉంటాది. అందుకే తీసి పెడితి. ఈ లైటేదో అప్పుడే ఏసింటే పెట్టుకుందునేమో."

"ఒక జతేనా వచ్చింది?"

"ఒకటే."

"మరి సరళ..."

"సరళకేమి? చిన్న పిల్ల, కండ్లు బాగుంటాయి. ఏమప్పా?"

"అక్కా, బెంగుళూరు నుంచి మిషన్ బిగించేకి వచ్చినాయన ఉండె సూడు. ఆయన నాకు చెప్పినాడు. నాకే, ఈడనే నిలబడి. కనపడే రవ్వలతో ఏం గాదు, కనపడని వెలుగు ఒకటుంటాది, అది స్టీలు మీద పడి ఎగిరొచ్చి కంట్లో దూరితే లోపల కాలిపోతాది అన్న్యాడు. అందుకే తలుపు తీస్తే ఆగిపోయేట్ల పెట్టినామన్న్యాడు."

"నాకేం నొప్పి లేదు."

"నొప్పే ఉండదంట అక్కా."

"గమ్మునుండు. పొద్దున్నే ఏం మాటలవి!"

"హేమక్కా, నా మొఖం సూడు."

"ఎందుకు?"

"సూడు. నేరుగా. ఏం కనపడతాండాది?"

"నువ్వే. ఇంగేం కనపడతాది?"

"మీసం ఉండాదా?"

"ఏం ఆటలప్పా ఇవి, పని కాడ!"

"ఉండాదా, లేదా?"

"ఉండాది. ఎప్పుడూ ఉండేదే గదా."

"నిన్న తీసేస్తినక్కా."

"ఏదీ, ఇట్ల రా. తడిమి సూస్తా."

"హేమక్కా."

"చెవులు కనపడతాండాయి వీరేశా. చొక్కా కనపడతాండాది. నడుమ ఏమీ లేదు. యాడ సూస్తే ఆడికే వస్తాది ఆ మచ్చ, నాకంటే ముందు పోయి కూచుంటాది. రెండు నెలలాయ. మీ బావకు గూడా చెప్పలే."

"డాక్టరుకు సూపిచ్చినావా?"

"కండ్లజోళ్ల అంగడికి పోతి. జోడు ఇచ్చిరి. జోడు లోపలికి గూడా వచ్చె అది. లైటు ఏస్తే పోతాదేమో అనుకుంటి. ఇంత లైటేస్తే పోదా అని... భయమైతాందప్పా. శానా భయమైతాంది."

"ఏడవద్దక్కా. ఈ పొద్దే అనంతపురం పోదాం, పెద్దాసుపత్రికి. నేనే తీసకపోతా. నేను చేసిన పాపమిది. నా చేత్తో అంటిస్తి. ఉండు, ముందు ఈ అయస్కాంతాన్ని పీకేస్తా."

"వద్దు! పీకితే బిందెలెట్లయితాయి? పదకొండుకు ఆయప్ప వస్తాడు. నీ చేతులు పట్టుకుంటా వీరేశా, ఎవరికీ చెప్పొద్దు. ఆ హిందూపురం పిల్లను తెచ్చి పెట్టుకుంటాడు."

"తెచ్చి కూచోబెడితే ఆ పిల్ల కండ్లు గూడా పోతాయి! వదులు. చెయ్యి వదులక్కా. ఇదో... వచ్చె. లైటు ఆరింది సూడు. తలుపు తీస్తే ఇట్ల ఆరల్ల. మొదటి నుంచీ ఇట్లే ఆరల్ల."

"నీ ఫోను మోగుతాంది."

"మోగనీ."

"సరళేమో. ఎత్తు."

"చేతి నిండా జిగురుండాది. స్పీకర్లో పెడతా. ఏం సరళా, యాడుండావు?"

"వస్తాండా, బస్టాండు కాడుండా. హేమక్కకు చెప్పు, బిందెలు మొదలు పెట్టమని. ఇదో, మొన్న ఏసిన బల్బుకు గ్యారంటీ ఉండాదా?"

"ఎందుకు?"

"వాపసు ఇచ్చేయి దాన్ని. అదీ మొదటి దాని మాదిరే. చుట్టూ బాగనే వెలుగుతాది గానీ, నడుమ నల్లగా ఉండాది."